చిన్నవాడి చోటు వదిలి కొట్టిన దరువు

వాళ్ళిద్దరూ అన్నదమ్ములు, మా పెద్దమ్మ కొడుకులు. వాళ్ళ నాయన, అంటే మా నాయనకు అన్న, ఎప్పుడో పోయాడు. పేర్లు రాయను. చర్చి సంఘపు పుస్తకంలో వాళ్ళకు ఒక పేరు, పల్లెలో ఒక పేరు ఉండేవి. ఏది రాసినా బతికున్నవాళ్ళలో ఎవరో ఒకరికి కష్టంగా ఉంటుంది. పల్లెలో అందరూ పెద్దోడు, చిన్నోడు అనే పిలిచేవారు. నేనూ అట్లాగే అంటాను.

ఇద్దరూ తప్పెట కొట్టేవారు. పెద్దవాడు దరువు వేసేవాడు. తొమ్మిది దెబ్బలు, ఎప్పుడూ ఒకే వేగం, ఎప్పుడూ ఒకే బరువు. తొమ్మిదో దెబ్బ తర్వాత ఆగేవాడు. ఆ ఆగిన చోట చిన్నవాడు జవాబు కొట్టేవాడు. ఆ జవాబు ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండేది కాదు. ఒక్కోసారి రెండే దెబ్బలతో సరిపెట్టేవాడు. ఒక్కోసారి అన్న దరువును తలకిందులు చేసి, సాగదీసి, ఇక తిరిగి రాడేమో అని మనకు భయం పుట్టేదాకా పోయి వచ్చేవాడు. పెద్దవాడు అంతసేపూ పుల్లలు గాలిలో పట్టుకొని నిలబడేవాడు. తమ్ముడు ముగించాడని అతనికి ఎట్లా తెలిసేదో నాకు తెలియదు. తర్వాతి కాలంలో సంగీతం మీద రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. వాటిలో పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి. ఈ సంగతికి అవి నాకు ఉపయోగపడలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మాదిగపల్లె మొత్తం బాప్తిస్మం తీసుకుంది. ఆ పని చేయించింది మా నాయన. ఆయన పల్లెకు బోధకుడు. టౌనులో ఉండే మిషను దొరగారు పెట్టిన షరతులలో తప్పెట మానడం ఒకటి. ఊరి దేవతల ముందు, ఊరివాళ్ళ పెళ్ళిళ్ళకూ చావులకూ ఇక కొట్టరాదు. ఇళ్ళలో ఉన్న తప్పెటలన్నీ తెచ్చి ప్రార్థన గుడిసె ముందు పెట్టారు. నాయన ఒక్కొక్కదాని తోలూ కత్తితో కోశాడు. కోసేటప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాడిలా, పని చేసుకుంటూ పోయాడు.

నాయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన చిన్నప్పుడు మా తాత జ్వరంతో ఉండి ఒక పెద్దింటి పెళ్ళిలో తప్పెట మెల్లగా కొట్టాడట. పందిట్లోనే చింతబరికె తీసుకొని, వీపు మీద తోలు లేచిపోయేదాకా కొట్టారట. పక్కన నిలబడి నాయన చూశాడు. ఆ రాత్రి తాత ఎంగిలి విస్తళ్ళలోని అన్నం మూటగట్టుకొని వచ్చి, ఇంట్లోవాళ్ళకు పెట్టి, తాను తినకుండా బోర్లా పడుకున్నాడట. నాయన ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. తప్పెట శబ్దం ఎక్కడ వినబడినా ఆయన చేతులు బిగుసుకునేవి.

తప్పెటలు పోయాక అన్నదమ్ములు మార్కాపురం పక్క పలకరాయి గనుల్లో కూలికి కుదిరారు. సోమవారం పోయి శనివారం సాయంత్రం వచ్చేవారు. కొన్నేళ్ళకు నేను చదువు ముగించి మా పల్లెలోనే మిషను బడి పంతులుగా చేరాను. పిల్లలకు విరిగిన పలక ముక్కలు తేవడానికి అప్పుడప్పుడు గనికి పోయేవాణ్ణి. ఒకసారి మధ్యాహ్నం అన్నాల వేళకు పోతే ఎవరూ తినడం లేదు. ఒక పెద్ద రాతిపొరను మట్టిలో నిలబెట్టి, పెద్దవాడు ఒక పక్క, చిన్నవాడు ఒక పక్క కూర్చొని, చెక్క ముక్కలతో దాని మీద కొడుతున్నారు. అదే దరువు, అదే ఆగడం, అదే జవాబు. రాయి పలుచగా, పొడిగా మోగుతోంది. నన్ను చూసి పెద్దవాడు చేయి ఆపాడు.

"అయ్యవారి కొడుకు వచ్చినాడు. చెక్క దాయండ్రా," అన్నాడు. అందరూ నవ్వారు.

"రాయికి తోలు లేదు గదా, మీ నాయన ఏం కోస్తాడులే," అన్నాడు చిన్నవాడు. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి నాయనకు చెప్పలేదు.

ఆ సంవత్సరం తుఫాను వాన మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఎండ కాసింది. గనిలో నిలిచిన నీళ్ళు తోడడానికి ఆరుగురిని దింపారు. పైన మన్ను నాని ఉంది. ఒక పక్క గోడంతా ఒక్కసారి కూలింది. నలుగురు బయటపడ్డారు. వీళ్ళిద్దరూ పడలేదు. తవ్వి తీసేసరికి పొద్దు వాలింది. పలకలు తోలే ఎద్దులబండి మీదనే ఇద్దరినీ పల్లెకు తెచ్చారు. మునసబు వచ్చి చూసి, రాయవలసింది రాసుకొని పోయాడు. పొద్దున్నే పూడ్చిపెట్టాలని నాయన నిర్ణయించాడు.

ఇక్కడ మావాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. తప్పెట కొట్టేవాడు చనిపోతే బంధువులకు నోటితో కబురు పెట్టరు. ఒక మనిషి తప్పెట తీసుకొని పోయి, వాళ్ళ పల్లె బయట నిలబడి, ఆగి ఆగి మూడు దెబ్బలు కొడతాడు. అది విన్నవాడు చేతిలో పని అక్కడే పెట్టి తన తప్పెట దించుకొని బయలుదేరుతాడు. ఎవరు పోయారో దోవలో అడుగుతాడు. వచ్చినవాళ్ళందరూ కలిసి చనిపోయినవాడి సొంత దరువు కొడుతూ గుంత దాకా నడుస్తారు. ప్రతివాడికీ తనదని చెప్పుకునే దరువు ఒకటి ఉంటుంది. దాన్ని వాడి కోసం ఇతరులు కొట్టేది ఆ ఒక్క రోజే.

పెద్దమ్మకు మిగిలిన పుట్టింటివాడు ఒక్క తమ్ముడు. దోర్నాల అవతల ఉండేవాడు. బాప్తిస్మం తీసుకోలేదు. మేనల్లుళ్ళిద్దరికీ పసితనంలో తప్పెట నేర్పింది అతనే. అతనికి కబురు పోవాలి. పల్లెలో తప్పెట లేదు.

"చీటీ రాయి," అన్నాడు నాయన నాతో. "చదువుకున్నోనివి గదా. బండ్లు దోర్నాలకు పోతానే ఉండాయి. అందిస్తారు."

నేను రాశాను. రెండు మాటల్లో చెప్పవలసిన దానికి మూడు వాక్యాలు, మంచి గ్రాంథికంలో రాశాను. ఆ సమయంలో కూడా అక్షరాలు గుండ్రంగా రావాలని చూసుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు. రాత్రికి రాత్రే పోయే బండివాడి చేతికి చీటీ ఇచ్చాము.

పొద్దున పది గంటల దాకా చూశాము. అతను రాలేదు. నాయన ప్రార్థన చేశాడు. ఒక కీర్తన ఎత్తుకున్నాము, గొంతులు కలవలేదు, రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మన్ను తడిగా ఉండి ముద్దలు ముద్దలుగా పడింది. ఆ ముద్దలు పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పెద్దమ్మ ఏడవలేదు. దోర్నాల దోవ వైపే చూస్తూ నిలబడింది.

ఎనిమిదో రోజున మామ వచ్చాడు. భుజాన గుడ్డ చుట్టిన తప్పెట ఉంది. పెద్దమ్మ గుడిసె ముందు కూర్చొని ఉంది. నాయనా నేనూ అక్కడే ఉన్నాము.

"దోవ ఇప్పుడు దొరికిందా నీకు?" అంది పెద్దమ్మ.

అతను నడుముకు చుట్టుకున్న గుడ్డలో నుంచి నా చీటీ తీశాడు. వేసిన మడత వేసినట్టే ఉంది.

"ఇది వచ్చింది అక్కా. కాగితం వస్తే అడివి గార్డోడు పంపినాడనుకుంటి. టేకు దూలం కొట్టినానని కేసు ఒగటి నడస్తాంది గదా. చూర్లో పెట్టి అడివిలోకి పోతి. ఆరు దినాలు చెట్ల కిందనే ఉంటి. నిన్న దోర్నాల హోటలు కాడ గనిలో పనిచేసేటోడు కనపడి, ఏందయ్యా నువ్వు ఇంకా ఈడనే ఉండావు అన్నాడు."

"ఎవరి చేతనైనా చదివించుకోవచ్చు గదా మామా," అన్నాను.

"ఎవురి చేత అల్లుడా? చదువొచ్చినోళ్ళంతా గార్డు పక్కన కూచోనుంటారు. పోయి, ఇదిగో నా కాగితం, నన్ను పట్టుకోండని చెప్పాల్నా? చావు కబురు కాగితం మీద వస్తాదని నాకేం తెలుసు? తప్పెట లేదా మీ పల్లెలో?"

"లేదు," అన్నాడు నాయన.

"ఒగటి గూడా?"

"ఒగటి గూడా లేదు బావా."

మామ నాయన ముఖం కొంతసేపు చూశాడు. తప్పెట భుజం నుంచి దించి నేల మీద కూర్చున్నాడు.

పెద్దమ్మ నాయన వైపు తిరిగింది. "మరిదీ, రేపు పొద్దున నా తమ్ముడు గుంతల కాడ కొడతాడు. నా కొడుకుల దరువు."

"కొట్టేదానికి లేదు వదినా. అది సమాధుల తోట."

"ఊర్లో ఎన్ని పీనుగుల ముందర కొట్టింటారు నా కొడుకులు? చిన్నోడు మీసాలు రాకముందే కొట్టినాడు. మీ అన్న కొట్టినాడు. మీ నాయన కొట్టినాడు. వాళ్ళ ముందర కొట్టేదానికి ఒక్కడు వద్దా?"

"అది వెట్టి వదినా. మా నాయన వీపు నువ్వు చూడలేదు, నేను చూసినా. ఆ చప్పుడు మళ్ళా ఈ పల్లెలో వద్దు."

"ఇది వెట్టి ఎట్లయితాది? ఏ రెడ్డి పిలిచినాడు వీన్ని? నేను పిలిచినా. నేను పిలిస్తే వచ్చినాడు."

నాయన నేల చూస్తూ మాట్లాడాడు.

"దొరగారికి పల్లె అంతా మాటిచ్చింది. నువ్వు గూడా వేలిముద్ర వేసినావు. తోటలో తప్పెట మోగితే, మోగించినోళ్ళ పేరు పుస్తకంలో కొట్టేయాల. కొట్టేసినాక ప్రభు బల్ల కాడ రొట్టె, ద్రాక్షరసం తీసుకోగూడదు. చచ్చిపోతే తోటలో చోటు లేదు. నేను ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి చేసేదానికి లేదు. వదిననని నిన్ను వదిలిపెడితే రేపు పల్లె నా మాట వినదు. బాగా విను. నీ కొడుకుల పక్కన నీకు చోటుండదు."

"ఎంత ఉంది వాళ్ళ పక్కన?"

"ఒక మనిషికి ఉంది. నీకోసమే పెట్టినా."

పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరే. వేరే ఎవరికన్నా ఇయ్యి," అంది.

నాయన లేచి పోయాడు. నేను ఆయన వెనకనే పోయి ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. ఆచారం తెలిసి కూడా కాగితం రాసినవాణ్ణి నేను. ఆరోజే ఒక మనిషిని నడిపించి ఉంటే ఈ ఎనిమిదో రోజు వచ్చేది కాదు. ఆ మాట చెప్పి, తప్పు నామీద వేయి నాయనా అని అడగవచ్చు. అడగలేదు. నా బడి కూడా ఆ దొరగారిదే.

మరునాడు పొద్దున పదిహేను ఇరవై మందిమి పోయాము. సమాధుల తోట అంటే తోట కాదు, చుట్టూ కంపచెట్ల కంచె వేసిన రాళ్ళ నేల. కంచె పక్కన మామ జొన్న చొప్పతో మంట వేసి తప్పెట కాచాడు. తోలును వేలితో మీటి చూసి, మళ్ళీ కాచి, మళ్ళీ మీటాడు.

"పెద్దోనిది నాకొచ్చు. నేనే నేర్పించినా. చిన్నోని జవాబు ఎవురికొస్తాది?" అని అడిగాడు.

"ఎవరికీ రాదు," అంది పెద్దమ్మ.

"నడమ నేనే ఏదన్నా ఒగటి కొట్టనా?"

"నీది కొడతావా? నీది వాడు ఎప్పుడన్నా ఒప్పుకున్నాడా?"

"యాడ ఒప్పుకున్నాడు! ఎనిమిదేండ్లకే, నీకు చేతకాదులే మామా జరుగు అన్నాడు నా కొడుకు," అని మామ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఎవరో ఏడుపు మొదలుపెట్టారు.

"వాని చోటు వదిలిపెట్టు," అంది పెద్దమ్మ. "వాడు కొట్టేంతసేపు ఆగు. నేను చెప్తా."

మామ రెండు గుంతల మధ్య నిలబడి దరువు ఎత్తుకున్నాడు. తొమ్మిది దెబ్బలు. పెద్దవాడి బరువు లేదు, అయితే దరువు అదే. తొమ్మిదో దెబ్బ తర్వాత ఆగబోయాడు. ఆగలేకపోయాడు. చేతికి అలవాటు కదా, సన్న పుల్ల తనంతట తాను రెండు దెబ్బలు వేసింది. పెద్దమ్మ చేయి ఎత్తింది. అతను మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి తొమ్మిదో దెబ్బ పడగానే పుల్లలు రెండూ తొడకు అదుముకొని నిలబడ్డాడు.

పెద్దమ్మ కళ్ళు చిన్నవాడి గుంత మీద ఉన్నాయి. కొంతసేపటికి తల ఊపింది. అతను మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆగాడు. ఈసారి వెంటనే తల ఊపింది. తర్వాతిసారి చాలాసేపు ఊపలేదు. మామ ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. చొప్ప మంట చిటపటలాడింది, దూరంగా ఎవరిదో మేకల మంద పోతోంది. ఎవరో దగ్గారు. ఆమె ఊపలేదు. ఇక ఊపదేమో, మరిచిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు ఊపింది. పదకొండుసార్లు అట్లా జరిగింది. ఏ రెండు ఖాళీలూ ఒకే పొడవు లేవు. ఆ ఖాళీలలో ఆమె ఏం విన్నదో నేను చెప్పలేను. నాకు ఏమీ వినబడలేదు. వినబడిందని రాస్తే అబద్ధం.

నాయన కంచె బయట నిలబడి ఉన్నాడు. బైబిలు చంకలో ఉంది. లోపలికి రాలేదు, ఆపమని అరవలేదు. చివరి దెబ్బ దాకా ఉండి పోయాడు.

ఆదివారం ఆరాధనలో నిబంధన చదివి, పెద్దమ్మ పేరు కొట్టేసినట్టు చెప్పాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. పెద్దమ్మ ఆరోజూ వచ్చింది, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం బయట కూర్చొని, కీర్తనలు పాడి, ప్రభు బల్ల మొదలవుతుండగా లేచి ఇంటికి పోయేది. రెండేళ్ళలో నాయన మూడుసార్లు ఆమె గుడిసెకు పోయాడు. ఒకసారి నేను వెంట ఉన్నాను.

"ఒక్క మాట వదినా. తప్పు చేసినా అను. నా ముందర చాలు, సంఘం ముందర గూడా వద్దు. పుస్తకంలో మళ్ళా రాస్తా."

"చేసింటే అంటా గదా మరిదీ."

"అంటే ఏం పోతుంది?"

"నీకేం పోదు," అంది పెద్దమ్మ. "కూచో, మజ్జిగ తాగి పో."

నాయన కూర్చొని మజ్జిగ తాగాడు. ఇద్దరూ జొన్నల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత నన్ను గిద్దలూరు బడికి మార్చారు. ఎండాకాలం పరీక్షలప్పుడు పెద్దమ్మకు విరేచనాలు పట్టుకొని రెండు రోజుల్లో పోయింది. నాకు కబురు అంది, రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి పల్లె చేరేసరికి మూడో రోజైంది. నాయన నన్ను సమాధుల తోటకు తీసుకుపోయాడు. కొత్త మన్ను కంచెకు బయట ఉంది. చిన్నవాడి గుంత కంచెకు లోపల, మూడు బారల దూరంలో ఉంది. దాని పక్కన ఖాళీ చోటు అట్లాగే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు.

"కంచెకు ఆనించి తవ్వించినా," అన్నాడు నాయన. "ఇంకొంచెం జరిపేదానికి నాకు అధికారం లేదు."

కంపముళ్ళు మన్ను మీదికి వంగి ఉన్నాయి. నాయన వంగి ఒక కొమ్మను పక్కకు తోశాడు. వదలగానే అది మళ్ళీ వచ్చింది.

"ప్రార్థన చేసినావా నాయనా?" అని అడిగాను.

"చేసినా," అన్నాడు. "కంచె లోపల నిలబడి చేసినా."